హైస్కూలు సైన్సు ప్రాజెక్టు: ప్రయోగమా, పరిశీలనా, సర్వేనా, నమూనానా?

జూన్‌లో బడులు తెరిచి నెల తిరగకముందే స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర ఇద్దరు ముగ్గురు పిల్లలు నిలబడి, "సార్, ప్రాజెక్టుకు ఏ టాపిక్ తీసుకోమంటారు?" అని అడగడం మొదలవుతుంది. సైన్సు చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా వినే ప్రశ్న ఇది. నేను చాలా ఏళ్లు నీటి కాలుష్యమనో, సౌరశక్తి అనో, ప్లాస్టిక్ అనో అప్పటికప్పుడు ఏదో ఒక అంశం చెప్పి పంపించేవాణ్ణి. అలా చెప్పిన అంశాల్లో ఎక్కువ భాగం చివరికి థర్మాకోలు బోర్డుల మీద రంగు బొమ్మలుగా మిగిలాయి. అంశం ఏదైనా దాని మీద చేయగల పని ఐదు రకాలుగా ఉంటుందనీ, ఏ రకం పని తమ వల్ల అవుతుందో తేలాకే అంశం గురించి ఆలోచించాలనీ చెప్పడం మొదలుపెట్టిన తరువాత పరిస్థితి కొంత మారింది. 8, 9, 10 తరగతుల విద్యార్థులకూ, వారికి గైడుగా నిలబడే ఉపాధ్యాయులకూ, ఇంట్లో చేయూతనిచ్చే తల్లిదండ్రులకూ ఆ ఐదు రకాల మధ్య ఎంపిక సులువు చేయడానికే ఈ పోలిక.

ఎంపికకు ముందు చూసుకోవలసినవి

మొదట చూసుకోవలసింది చేతిలో ఉన్న రోజులు. యూనిట్ పరీక్షలు, దసరా సెలవులు, వర్షాలకు బడి మూతపడే రోజులు తీసేస్తే, జూలైలో మొదలుపెట్టి నవంబరుకు ముగించవలసిన ప్రాజెక్టుకు నిజంగా దొరికేవి పది పన్నెండు వారాలే. వారానికి ఒక్కసారి మాత్రమే కొలవగలిగే విషయమైతే మొత్తం మీద పది పన్నెండు కొలతలే వస్తాయని పిల్లలకు ముందే లెక్క వేసి చూపించాలి.

రెండవది, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది, అదే కొలతను ఎన్నిసార్లు తిరిగి చేయగలమన్నది. ఒక కుండీలో ఒక మొక్క పెంచి, ఇంకో కుండీలో ఇంకో మొక్క పెంచి, ఈ మొక్క ఎత్తుగా పెరిగింది కాబట్టి ఈ ఎరువు మంచిదని రాస్తే, ఆ తేడా ఎరువు వల్ల వచ్చిందో, విత్తనం వల్ల వచ్చిందో, కుండీ కిటికీ దగ్గర ఉండడం వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. సైన్సు ప్రదర్శనల్లో న్యాయనిర్ణేతలు అడిగే మొదటి ప్రశ్న "ఎన్నిసార్లు చేశారు?" అన్నదే. "ఒక్కసారే" అని చెప్పిన పిల్లల ముఖం ఎలా ఉంటుందో నేను చాలాసార్లు చూశాను.

ఆపైన డబ్బు, పరికరాలు, అనుమతులు, భద్రత వస్తాయి. ఇవన్నీ సరిపోయినా ఇంకొక ప్రశ్న మిగులుతుంది: అనుకున్న ఫలితం రాకపోతే రాయడానికి ఏమైనా ఉంటుందా? మంచి ప్రాజెక్టుకు ఇది గట్టి పరీక్ష. ఉప్పునీటిలో మినుములు తక్కువ మొలుస్తాయనుకున్నాం, తేడా ఏమీ రాలేదు. అప్పుడు కూడా ఎంత ఉప్పు వరకు తేడా రాలేదో రాయవచ్చు. పని చేయని నమూనా గురించి మాత్రం పని చేయలేదని తప్ప రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు.

| ప్రాజెక్టు రకం | కావలసిన వ్యవధి | ఖర్చు | తిరిగి కొలిచే వీలు | ప్రధానమైన చిక్కు |
|---|---|---|---|---|
| నియంత్రిత ప్రయోగం | 2 నుంచి 6 వారాలు | తక్కువ | చాలా ఎక్కువ | ఒక్క చరరాశినే (మారే అంశాన్నే) మార్చడం కష్టం |
| క్షేత్ర పరిశీలన | 3 నెలలు, ఆపైన | దాదాపు లేదు | వారం వారం | మధ్యలో రోజులు తప్పిపోవడం |
| సర్వే | 3 నుంచి 5 వారాలు | తక్కువ | మధ్యస్థం | జవాబులు నిజం కాకపోవడం, అనుమతులు |
| నమూనా లేదా పరికరం | 2 నుంచి 8 వారాలు | ఎక్కువ | పరీక్షిస్తేనే | పెద్దల చేతి పని ఎక్కువ కావడం |
| ఇతరులు సేకరించిన దత్తాంశం (డేటా) | 2 నుంచి 4 వారాలు | లేదు | ఉన్నదే వాడాలి | ప్రశ్న పదునుగా లేకపోతే పని చెదిరిపోవడం |

నియంత్రిత ప్రయోగం

ఒక్కదాన్ని మార్చి, మిగిలినవన్నీ మారకుండా ఉంచి, ఏం జరిగిందో కొలవడం. పాఠ్యపుస్తకంలోని కృత్యాలకు దగ్గరగా ఉండడం వల్ల పిల్లలకు ఈ పద్ధతి త్వరగా అర్థమవుతుంది. అందుకే ఎటూ తేల్చుకోలేని వారికి నేను మొదట సూచించేది ఇదే. అయితే ఇది సులువుగా చెడిపోయే పద్ధతి కూడా. ఎక్కడెక్కడ చెడుతుందో ఒక ప్రయోగాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

తీర ప్రాంతంలో, ముఖ్యంగా చేపల, రొయ్యల చెరువులు పెరిగిన ఊళ్లలో, పక్క పొలం నీరు ఉప్పు తేలుతోందన్న మాట పిల్లలు ఇంట్లో వింటూనే ఉంటారు. దాని నుంచి "నీటిలో ఎంత ఉప్పు ఉంటే మినుముల మొలక తగ్గుతుంది?" అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది. దీనికి లీటరుకు 0, 1, 2, 4, 8 గ్రాముల చొప్పున ఉప్పు ఉన్న ఐదు రకాల నీళ్లు కావాలి. ఐదుసార్లు తూకం వేయనవసరం లేదు. 8 గ్రాముల ఉప్పు ఒక్కసారి తూచి, కరిగించి, లీటరుకు సరిచేస్తే 8 గ్రాముల ద్రావణం తయారవుతుంది. దాని నుంచి అర లీటరు తీసి, అంతే మంచినీరు కలిపితే 4 గ్రాములది, అందులో మళ్లీ అర లీటరు తీసి మంచినీరు కలిపితే 2 గ్రాములది, అలాగే 1 గ్రాముది వస్తాయి. ఒక్కో ద్రావణానికి మూడు పళ్లాలు, పళ్లానికి 20 గింజలు పెడితే, ఐదు ద్రావణాలకు కలిపి 300 గింజలు అవుతాయి. అవి గుప్పెడు కూడా ఉండవు, ఖర్చు లెక్కలోకే రాదు. పళ్లెంలో 20కి 17 మొలిస్తే 85 శాతం. మూడు పళ్లాల సగటుతో పాటు వాటిలో అతి తక్కువ, అతి ఎక్కువ విలువలు కూడా రాస్తే పట్టిక నిండుగా ఉంటుంది.

ఇక చెడిపోయే చోట్లు. సున్నా గ్రాముల నీరని బోరు నీరు పోస్తే అది సున్నా కాదు, బోరు నీటిలో అప్పటికే లవణాలు కరిగి ఉంటాయి. తాగునీటిలో కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకుండా ఉండడం మంచిదనీ, వేరే ఆధారం లేనప్పుడు 2,000 వరకు అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. అంటే అనుమతించదగిన పై హద్దులో ఉన్న బోరు నీటితో మొదలుపెడితే మన సున్నాలోనే లీటరుకు 2 గ్రాముల లవణాలు దాగి ఉన్నట్లు. కాబట్టి ఐదింటికీ ఒకే క్యాను నీరు వాడి, వీలైతే కరిగిన ఘనపదార్థాలను చూపే టీడీఎస్ మీటరుతో దాన్ని కొలిచి నోటు పుస్తకంలో రాయాలి. రెండవ చోటు ఇంకా సూక్ష్మమైనది. పళ్లెం ఆరిపోతుంటే పిల్లలు మళ్లీ అదే ఉప్పునీరు పోస్తారు. నీరు ఆవిరైపోయినా ఉప్పు పళ్లెంలోనే ఉండిపోతుంది కాబట్టి, పోసినకొద్దీ ఉప్పు పెరిగి, నాలుగో రోజుకు 4 గ్రాముల పళ్లెం 4 గ్రాములది కాకుండా పోతుంది. పళ్లాలకు మూత పెట్టాలి, తప్పనిసరైతే మంచినీరే చల్లాలి. మూడవది, మొలిచిందనడానికి ముందే ఒక గుర్తు పెట్టుకోవాలి. వేరు 2 మిల్లీమీటర్లు బయటికి వస్తే మొలిచినట్లు లెక్క అని మొదటి రోజే రాసి పెట్టుకోకపోతే, జట్టులో ఇద్దరూ రెండు రకాలుగా లెక్కపెడతారు.

తెలిసి విడిచిపెట్టవలసిన ప్రయోగాలూ ఉన్నాయి. చేతులు కడగకముందు, కడిగిన తరువాత సూక్ష్మజీవులను పెంచి చూపిస్తామని చాలామంది ఉత్సాహపడతారు. ఏ జీవి పెరిగిందో తెలియని పళ్లేన్ని ఇంట్లో మూత తీసి చూడడం ప్రమాదం. ప్రతి మే నెలలో అమెరికాలో జరిగే అంతర్జాతీయ సైన్సు, ఇంజనీరింగ్ ప్రదర్శన రీజనరాన్ ఐసెఫ్ నియమాలైతే ఇంట్లో సూక్ష్మజీవులను పెంచడాన్ని పూర్తిగా నిషేధించాయి. మన బడి స్థాయిలో అంత పట్టింపు లేకపోయినా, ఆ నియమం పెట్టిన కారణం ఇక్కడా వర్తిస్తుంది.

క్షేత్ర పరిశీలన

ఏదీ మార్చకుండా, ఉన్నదాన్ని ఒకే పద్ధతిలో పదే పదే చూసి రాసుకోవడం దీని స్వభావం. ప్రయోగశాల లేని బడికి, అద్దాల బీరువాలో పరికరాలు పెట్టి తాళం వేసిన బడికి కూడా, ఇంతకంటే మంచి దారి లేదు. దీనికి ఖర్చు లేదు, కానీ బద్ధకాన్ని ఇది క్షమించదు.

చెట్ల మీద చేసే పరిశీలన దీనికి మంచి ఉదాహరణ. తెలంగాణలో బతుకమ్మ నాటికి తంగేడు పూస్తుందని అందరికీ తెలుసు. కానీ ఏ వారం మొగ్గ వేసింది, ఏ వారం విరగబూసింది, వాన పడిన వారానికీ పడని వారానికీ తేడా ఏమిటి అన్నవి లెక్కగా రాసినవారు తక్కువ. నగరాల్లో రోడ్ల పక్కన నాటిన ఏడాకుల పాల అక్టోబరు నుంచి పూసి, ఘాటు వాసనతో విశాఖవాసుల ఫిర్యాదులకు కారణమవుతుంటుంది. అదీ మంచి అంశమే. పది చెట్లు ఎంచుకుని, ఒక్కోదానికి అంకె ఇచ్చి, వారానికి ఒకసారి అదే రోజున మొగ్గలు, పూలు, కాయలను లేవు, కొన్ని, చాలా అని మూడు మెట్లలో నమోదు చేస్తే చాలు. సీజన్‌వాచ్ అనే పౌర విజ్ఞాన కార్యక్రమంలో దేశమంతటా బడిపిల్లలు ఇటువంటి పని చేస్తున్నారు. అందువల్ల ఎవరూ చేయని విచిత్రమైన పని చేస్తున్నామన్న భయం అక్కరలేదు.

వాన కొలవడం మరొకటి. నిలువు గోడలున్న సీసాలో పడిన నీటి ఎత్తును స్కేలుతో చదవడమే వర్షమాపకం. పై భాగం వంకరగా ఉన్న కూల్‌డ్రింక్ సీసా అయితే దాన్ని కోసి, అడుగు గుంతలను గులకరాళ్లతోనో మైనంతోనో సరిచేసి, వాటి పైకి వచ్చేదాకా నీరు పోసి, అక్కడ సున్నా గీత గీసుకోవాలి. భారత వాతావరణ శాఖ 24 గంటల వర్షాన్ని ఉదయం 8:30కి నమోదు చేస్తుంది కాబట్టి మన కొలత కూడా ఆ సమయానికే ఉంటే, దగ్గరలోని కేంద్రం లెక్కతో పోల్చుకునే వీలుంటుంది. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరని తెలిస్తే, ఇదే కొలత నుంచి బడి డాబా మీద ఈ సీజనులో ఎన్ని లీటర్లు పడ్డాయన్న రెండవ ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది.

ఇందులో నష్టం కాలం రూపంలో ఉంటుంది. ఆగస్టు చివర ఆలోచన వచ్చిన వారికి ఈ దారి దాదాపు మూసుకుపోయినట్లే. ఇంకొక నష్టం, కారణం చెప్పలేకపోవడం. వాన పడిన వారంలో పూలు తక్కువగా కనిపిస్తే, వాన వల్లే తగ్గాయని రాయకూడదు. రెండూ ఒకేసారి జరిగాయని మాత్రమే రాయగలం. ఈ తేడా తెలిసి రాసిన ఎనిమిదో తరగతి పిల్లను ఏ న్యాయనిర్ణేతా మరచిపోడు.

సర్వే

ఎక్కువ మంది ఎంచుకునేది, ఎక్కువగా చెడిపోయేది ఇదే. ఒక కాగితం మీద పది ప్రశ్నలు రాసి, జిరాక్సు తీసి, వీధిలో పంచి, వచ్చిన జవాబులకు వృత్తచిత్రం గీస్తే ప్రాజెక్టు అయిపోయిందనిపిస్తుంది. "మీరు నీటిని పొదుపుగా వాడతారా?" అని ఒక పిల్లవాడు నోటు పుస్తకం పట్టుకుని అడిగితే లేదని చెప్పేవారు ఎవరుంటారు? ఆ ప్రశ్నకు 90 శాతం అవునని వచ్చినా అది నీటి గురించి ఏమీ చెప్పదు, మనుషుల మర్యాద గురించి చెబుతుంది. దానికి బదులు "నిన్న స్నానానికి ఎన్ని బకెట్లు పట్టాయి? ఆ బకెట్టు ఒకసారి చూపిస్తారా?" అని అడిగి, బకెట్టు పరిమాణం కొలిస్తే, అభిప్రాయం పోయి కొలత చేతికొస్తుంది. సర్వే తీసుకోవాలనుకునేవారికి నా సలహా ఒక్కటే: వీలైనంతవరకు అభిప్రాయం అడిగే ప్రశ్నను లెక్కపెట్టే ప్రశ్నగా మార్చండి.

ఎవరిని అడిగామన్నది ఇంకొక విషయం. తెలిసిన ఇళ్లకే వెళ్లకుండా, వీధి మొదటి నుంచి ప్రతి మూడో ఇల్లు అని నియమం పెట్టుకోవాలి. తలుపు తీయని ఇళ్లను కూడా లెక్కలో చూపాలి. మధ్యాహ్నం వెళితే ఉద్యోగస్తులు దొరకరు, ఆదివారం వెళితే అందరూ దొరుకుతారు. ఈ తేడా ఫలితాన్ని మారుస్తుంది.

నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టులు ఏటా వస్తుంటాయి, రావాలి కూడా. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని ప్రమాణం. పటికనూ సున్నాన్నీ వాడి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. అయితే పిల్లలు ఇంటింటికీ వెళ్లి ఫ్లోరైడ్ వల్ల తోటి పిల్లల పళ్ల మీద వచ్చే మచ్చలు చూసి లెక్కపెట్టడం నాకు నచ్చని పని. అది ఎదుటివారిని నొప్పిస్తుంది, వైద్యుడు కానివారు చేసే నిర్ధారణకు విలువా ఉండదు. మనుషుల బదులు నీటినే శాంపిలుగా తీసుకుని, గ్రామంలో పరీక్షా కిట్టు ఉన్నచోట దానితో గానీ, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో గానీ పరీక్షిస్తే, ప్రాజెక్టు బలపడుతుంది, ఎవరి గౌరవానికీ భంగం కలగదు. మనుషులనే అడగవలసి వస్తే పేరు, ఫోను నంబరు రాసుకోకుండా, ఇంటికి ఒక అంకె ఇచ్చి, ముందుగా ప్రధానోపాధ్యాయుడి సంతకంతో అనుమతి లేఖ తీసుకుని వెళ్లాలి.

నమూనా

దీన్ని త్వరగా ముగిస్తాను. జిల్లా ప్రదర్శనల్లో ఇంజెక్షను సిరంజిలతో పైకి లేచే క్రేను ఒకే వరుసలో మూడు బల్లల మీద చూసినవారికి నేనెందుకు తొందరపడుతున్నానో అర్థమవుతుంది. కొనుక్కొచ్చిన కిట్టుతో గానీ, తండ్రి, వడ్రంగి కలిసి చేసిన పెట్టెతో గానీ పిల్లవాడు నేర్చుకునేది తక్కువ.

అయినా నమూనా పరిశోధనగా మారే దారి ఒకటి ఉంది, అది దాన్ని పరీక్షించడం. కుండలో కుండ పెట్టి, మధ్యలో తడి ఇసుక పోసి చేసే కూరగాయల చల్లపెట్టెను చూపించడంతో ఆగకుండా, రోజుకు మూడుసార్లు లోపలి, బయటి ఉష్ణోగ్రతలు కొలిచి, గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుకూ, పొడిగా ఉన్న రోజుకూ తేడా రాస్తే అది నిజమైన ప్రాజెక్టు అవుతుంది. నీరు ఆవిరి కావడం వల్లే చల్లదనం వస్తుంది కాబట్టి ఉక్కపోత ఎక్కువగా ఉండే విశాఖలో అది తక్కువగా, పొడి ఎండల అనంతపురంలో ఎక్కువగా పని చేయాలని ముందే ఊహించవచ్చు. ఆ ఊహనే పరికల్పనగా రాసుకోవచ్చు.

ఇతరులు సేకరించిన దత్తాంశం

బడిలో కంప్యూటరు గది ఉండి, బయటికి వెళ్లే వీలు లేని పిల్లలకు, ముఖ్యంగా అపార్టుమెంట్లలో ఉండే నగర విద్యార్థులకు ఇది అనువైనది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల గాలి నాణ్యత వివరాలను బహిరంగంగా ఉంచుతుంది. గాలిలోని సన్నని ధూళి కణాలు పీఎం 2.5కు 24 గంటల సగటు హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. దీపావళికి ముందు వారం, తరువాత వారం ఎన్ని రోజులు ఆ హద్దు దాటిందో లెక్కించడం తొమ్మిదో తరగతి గణితంతోనే సాధ్యం. వాన మీద పని చేసేవారు 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడిన రోజునే వాతావరణ శాఖ వర్షపు రోజుగా లెక్కిస్తుందని గుర్తుంచుకుంటే, వాన మొత్తం తగ్గిందా, లేక వర్షపు రోజులు తగ్గాయా అన్న మంచి ప్రశ్న దొరుకుతుంది.

చేతులకు మట్టి అంటకపోవడమే దీని లోటు. "కొలిచింది ఎవరు, ఏ పరికరంతో?" అని అడిగితే చెప్పడానికి పిల్లల దగ్గర సొంత అనుభవం ఉండదు. ఇంటి దగ్గర పది రోజులైనా ఏదో ఒకటి స్వయంగా కొలిచి ఈ దత్తాంశానికి జత చేస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

వేదికను బట్టి, విద్యార్థిని బట్టి

ఎక్కడికి పంపాలన్నది ఎంపికను చాలావరకు తేల్చేస్తుంది. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ల పిల్లలది. అక్కడ ఇచ్చిన ప్రధానాంశం కింద స్థానిక సమస్యను జట్టుగా అధ్యయనం చేయాలి. కాబట్టి క్షేత్ర పరిశీలన, నీటి శాంపిళ్ల పరీక్ష, కొలతతో కూడిన సర్వే దానికి సరిగ్గా సరిపోతాయి, నమూనా బొమ్మలు సరిపోవు. ఇన్‌స్పైర్ మనక్ దీనికి దాదాపు ఎదురు దిశ. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, జాతీయ ఆవిష్కరణ ప్రతిష్ఠానం కలిసి నడిపే ఆ పథకం కొత్త ఆలోచనను అడుగుతుంది. ఎంపికైన విద్యార్థికి 10,000 రూపాయలు ఇస్తుంది. పరీక్షించిన నమూనా అక్కడ నిలుస్తుంది, సర్వే నిలవదు. ఒకే ప్రాజెక్టును రెండు చోట్లకూ సరిపెట్టాలని చూస్తే రెండింటికీ చాలకుండా పోవడమే నేను ఎక్కువగా చూశాను. బడిలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్.ఏ.) మార్కుల కోసం రాసే ప్రాజెక్టు పనికి ఇంత హంగామా అవసరం లేదు. రెండు వారాల చిన్న ప్రయోగం చాలు.

పదో తరగతి విద్యార్థికి నా ఓటు ప్రయోగానికే, ఎందుకంటే అది సెప్టెంబరు నాటికి ముగిసిపోతుంది, ఆపైన చదువు భారం ఎలాగూ పెరుగుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల వారికి కాలం ఉంది కాబట్టి పరిశీలన మంచిది. ఇద్దరి జట్టులో ఒకరు తరచూ బడి మానేవారైతే పరిశీలన వద్దు. నలుగురితో మాట్లాడడం ఇష్టమైన పిల్లకు సర్వే ఇవ్వండి, కానీ ప్రశ్నలు మీరు ఒకసారి చూడండి. అమెరికాలో చదివే తెలుగు పిల్లలు ఐసెఫ్‌కు అనుబంధమైన ప్రదర్శనలకు వెళ్లాలనుకుంటే వారికి లెక్క వేరు. మనుషులను ప్రశ్నించే ప్రాజెక్టులకు పని మొదలుపెట్టకముందే సమీక్షా సంఘం అనుమతి కావాలి. ముందు సర్వే చేసి తరువాత సంతకాలు పెట్టించుకుందామంటే కుదరదు. సమయం తక్కువైతే అక్కడ మొక్కలతో చేసే ప్రయోగమే సుఖం.

రాతలో ఎంపికలు

నివేదికను మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టకూడదు. పద్ధతి అన్న భాగాన్ని పని జరుగుతున్న వారంలోనే రాయాలి, లేకపోతే ఎన్ని మిల్లీలీటర్లు పోశామో నెల తరువాత గుర్తుండదు. తరువాత పట్టికలు, గ్రాఫులు, ఆపైన వాటి మీద చర్చ. పరిచయం, సారాంశం చివరికి. ప్రశ్న, పరికల్పన మాత్రం అన్నింటికంటే ముందే తేదీతో రాసి ఉండాలి. ఫలితం చూశాక రాసిన పరికల్పన చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది.

తెలుగులోనా, ఇంగ్లీషులోనా అన్న సందేహం ఇప్పుడు ప్రతి బడిలోనూ ఉంది. పిల్లలు దేనిలో ఆగకుండా మాట్లాడగలరో దానిలోనే రాయాలని నా అభిప్రాయం. ఇంగ్లీషు నివేదికను పెద్దలు రాసిపెట్టి, పిల్లవాడు దాన్ని బట్టీ పట్టి అప్పజెప్పడం రెండో ప్రశ్నకే బయటపడుతుంది. తెలుగులో రాసేటప్పుడు ఇంకొక ఎంపిక ఉంది. "ఉష్ణోగ్రత కొలవబడినది, నీరు పోయబడినది" అని రాస్తే శాస్త్రీయంగా ఉంటుందని కొందరు గైడులు పట్టుబడతారు. "ప్రతిరోజు ఉదయం 8 గంటలకు ఉష్ణోగ్రత కొలిచాం" అన్న వాక్యంలో ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో తెలుస్తుంది, చదవడానికి హాయిగానూ ఉంటుంది. నేను రెండోదాని పక్షం.

గ్రాఫు విషయంలో ఒక్క మాట. ఉప్పు గ్రాములు, రోజులు, ఉష్ణోగ్రత వంటి వరుసగా పెరిగే అంకెలైతే రేఖాచిత్రం, వీధులు, చెట్ల రకాల వంటి విడివిడి వర్గాలైతే కమ్మీ చిత్రం వాడాలి. రంగులు అందంగా ఉంటాయని అన్నింటికీ వృత్తచిత్రం గీయకూడదు. అలాగే స్కేలుతో కొలిచిన మొక్కల ఎత్తుల సగటును క్యాలిక్యులేటరు చూపించింది కదా అని 37.3333 మిల్లీమీటర్లని దించకూడదు. స్కేలు మిల్లీమీటరు వరకే చదువుతుంది కాబట్టి 37 చాలు.

చివరిగా నోటు పుస్తకం. సైన్సు కాంగ్రెస్‌లో లాగ్‌బుక్ అడుగుతారని తెలిసి, ప్రదర్శనకు ముందు రాత్రి కూర్చుని మూడు నెలల పరిశీలనలను ఒకే నీలి సిరాతో, ఒకే దస్తూరీతో శుభ్రంగా ఎత్తిరాసే పిల్లలు ఉంటారు. అది చూడగానే తెలిసిపోతుంది. ఒకసారి నా దగ్గరికి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి పుస్తకం మీద టీ మరక ఉంది, రెండు పేజీల్లో పెన్సిలు, మిగతాచోట పెన్ను. ఆగస్టులో ఒక తేదీ ఎదురుగా "వాన. వెళ్లలేదు" అని, ఆ మరుసటి వారం "4వ చెట్టు కొట్టేశారు. ఇక 9 చెట్లు" అని రాసి ఉంది. తప్పు రాసిన అంకె మీద వైట్‌నరు పూయకుండా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, ఎందుకు మార్చిందో రెండు మాటల్లో చెప్పింది. ఆ తొమ్మిది చెట్ల పట్టికను నివేదికలో కూడా పదని దిద్దలేదు. ఆరో వారం దగ్గర ఒక చుక్క పెట్టి, కింద కారణం రాసింది.